అండర్‌గ్రాడ్ రెండో ఏడు, పోడియాట్రీ వైపు వెళ్దామనుకుంటున్నా, ఇప్పట్నుంచీ ఏం చేయాలి?

పాదచారి_19 | అక్టోబర్ 12, 2025

హాయ్ అందరికీ, చాలా రోజుల్నుంచి ఇక్కడ చదువుతూనే ఉన్నా, రాయడం మాత్రం ఇదే మొదటిసారి. నేను డాలస్ దగ్గర బయాలజీ మేజర్, సోఫమోర్. పదకొండేళ్ళప్పుడు కాకినాడ నుంచి వచ్చేశాం, పోయినేడాదే గ్రీన్‌కార్డ్ వచ్చింది. జీపీఏ 3.41, జెన్ కెమ్ (జనరల్ కెమిస్ట్రీ) రెండో సెమ్‌లో సీ ప్లస్, దాని గురించి మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ ఎత్తరు. ఎమ్‌క్యాట్ (మెడికల్ స్కూళ్ళ ఎంట్రన్స్) ఇంకా రాయలేదు.

మొన్న సమ్మర్‌లో ఇండియా వెళ్ళినప్పుడు మా అమ్మమ్మకి కాలి బొటనవేలు తీసేశారు. ఇరవై ఏళ్ళ షుగరు. మిట్టమధ్యాహ్నం గుళ్ళో ప్రదక్షిణలు చేసింది, బండలు కాలిపోతున్నాయి, మేమందరం గంతులేసుకుంటూ పరిగెట్టాం, ఆవిడ మాత్రం తీరిగ్గా పదకొండు చుట్లు తిరిగి వచ్చింది, మేమేమో అబ్బ ఎంత భక్తో అనుకున్నాం. రాత్రికి చూస్తే అరికాలంతా బొబ్బలు, ఆవిడకి తెలియనే లేదు. ఆ తర్వాత నెల రోజులు ఆటోలో డ్రెస్సింగ్‌కి తీసుకెళ్ళింది నేనే. తిరిగొచ్చాక వెతుకుతుంటే కాళ్ళకి ప్రత్యేకంగా డాక్టర్ చదువు ఉందని తెలిసింది.

మా నాన్న "గోళ్ళు కత్తిరించే డాక్టరా?" అన్నారు. కాలేజీలో ప్రీ-హెల్త్ అడ్వైజర్‌కి ఎండీ, డీఓ (ఇక్కడ మామూలు డాక్టర్లయ్యే రెండు డిగ్రీలు) తప్ప ఇంకేం తెలీదు. ఏ కోర్సులు తీసుకోవాలి, ఎమ్‌క్యాట్ ఎప్పుడు రాయాలి, షాడోయింగ్, అంటే డాక్టర్ పక్కన నిలబడి పని చూడటం, ఎలా దొరుకుతుంది, అసలు నా గ్రేడ్లకి ఎవరైనా తీసుకుంటారా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

ఫ్రిస్కో_బాబాయ్ | అక్టోబర్ 12, 2025

అమ్మా, నీ ఈడు అమ్మాయి మా ఇంట్లోనూ ఉంది కాబట్టి చనువుగా చెప్తున్నా, ఏమనుకోకు. ఎండీ రానివాళ్ళు చూసుకునే దారే కదండీ ఇది? ఒక్క సీ ప్లస్ వచ్చిందని ఇప్పుడే దిగిపోతే ఎలా. రేపు ఎవరైనా అమ్మాయేం చేస్తోందంటే కాళ్ళ డాక్టర్ అని చెప్పుకోవడం మీ నాన్నగారికి ఎంత ఇబ్బందో నాకు తెలుసు. ఇంకో ఏడాది గట్టిగా ప్రయత్నించు.

వరంగల్_పోరడు | అక్టోబర్ 12, 2025

బాబాయ్ నేను గదే కాళ్ళ డాక్టర్ సదువుతున్న, రెండో సంవత్సరం, మా నాన్న ఊర్ల అందరికి చెప్పుకుంటడు 😂 నిన్న మా క్లాసుల ఒక్క పాదం గురించే మూడు గంటలు, 26 ఎముకలు, 33 కీళ్ళు, ఒక్కో కండరం యాడ మొదలై యాడ అతుక్కుంటదో అన్నీ అడుగుతరు. దిగిపోవుడు గాదు ఇది.

చెల్లె, మస్తు ఉంది చెప్పాల్సింది, మిడ్‌టర్మ్ అయినంక రాస్త.

మడమ_డాక్టరమ్మ | అక్టోబర్ 13, 2025

నేను ఒహాయోలో పోడియాట్రిస్ట్‌ని, ప్రాక్టీస్ మొదలుపెట్టి తొమ్మిదేళ్ళు. ఈ వేదికలో ఈ ప్రశ్న ఏడాదికి రెండుసార్లు వస్తుంది, ప్రతిసారీ ఎవరో ఒకరు బాబాయ్ గారి మాటే అంటారు, అందుకే ఈసారి కాస్త పొడుగ్గా రాస్తున్నా.

ముందు బాబాయ్ గారికి. డీపీఎం, అంటే పోడియాట్రీ డాక్టర్ చదువు, నాలుగేళ్ళ డిగ్రీ, ఆ పైన మూడేళ్ళ సర్జికల్ రెసిడెన్సీ, అంటే హాస్పిటల్ ట్రైనింగ్. అనస్తీషియా రొటేషన్, ఇంటర్నల్ మెడిసిన్, ఎమర్జెన్సీ, వాస్క్యులర్, అన్నీ హాస్పిటల్‌లో మిగతా రెసిడెంట్లతో కలిసే చేశా, రాత్రి రెండింటికి పేజర్ మోగితే వాళ్ళలాగే లేచా. మెడికేర్ (ముసలివాళ్ళ ప్రభుత్వ ఇన్సూరెన్స్) చట్టం మా పని పరిధిలో మమ్మల్ని ఫిజీషియన్ల కిందే లెక్కేస్తుంది. వెటరన్స్ హాస్పిటళ్ళలో కూడా 2018 మిషన్ యాక్ట్‌తో ఫిజీషియన్ల జీతాల స్కేలులోకి వచ్చాం. చీలమండ ఆపరేషన్లు ఎంతవరకు చేయొచ్చు అనేది మాత్రం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, అది నిజమే.

ఇప్పుడు నీకు చెల్లీ. కోర్సుల సంగతి సులువు, నువ్వు ఎలాగూ తీసుకునేవే: బయాలజీ, జెన్ కెమ్, ఆర్గానిక్, ఫిజిక్స్ అన్నీ ల్యాబ్‌తో ఎనిమిదేసి క్రెడిట్లు, ఇంగ్లీషు ఆరు. కొన్ని స్కూళ్ళు అటూ ఇటూ మారుస్తాయి, ఆర్గానిక్ రెండో సెమ్ బదులు బయోకెమ్ ఒప్పుకునేవి ఉంటాయి, అది ఎవరి సైట్‌లో వాళ్ళది చూసుకో. అనాటమీ తప్పనిసరి కాకపోయినా మీ కాలేజీలో ఉంటే తీసుకో, నేను తీసుకోలేదు, మొదటి ఏడు మొదటి నెలలో ఏడ్చా.

సీ ప్లస్ గురించి. సీ ప్లస్‌తో చాలామంది లోపలికి వచ్చారు. కానీ ఆ తర్వాత వచ్చే ఆర్గానిక్‌లో బీ ప్లస్ కనపడాలి. కమిటీ చూసేది ఆ గీత పైకి పోతోందా కిందకి పోతోందా అని. రిపీట్ చేసినా ట్రాన్స్‌క్రిప్ట్‌లో రెండూ కనపడతాయి కాబట్టి సీ ప్లస్‌ని రిపీట్ చేయడం కంటే పై కోర్సులో బాగా చేయడమే నయం అని నా అభిప్రాయం. డీ అయితే వేరే మాట.

ఇవన్నీ ఎలాగో అలా అవుతాయి. అసలు నువ్వు ఈ సెమిస్టర్‌లోనే చేయాల్సిన పని ఒకటే, ఒక పోడియాట్రిస్ట్ క్లినిక్‌లో ఒక మూల నిలబడి చూడు. ఒక్క రోజు కాదు, కనీసం ఆరేడు రోజులు. అమ్మమ్మ కథ నీది, అది నిజం, కానీ ఆ ఒక్క కాలు మీద నలభై ఏళ్ళ ఉద్యోగం నిలబడదు. నా మంగళవారం ఎలా ఉంటుందంటే పొద్దున ఎనిమిదికి మొదలుపెడితే మధ్యాహ్నానికి పన్నెండు మంది, అందులో ఏడుగురు గోళ్ళు, ఆనెకాయలు, మెడికేర్ వాళ్ళు రెండు నెలలకోసారి వచ్చే ముసలాళ్ళు. ఇద్దరికి మడమ నొప్పి, ఒకడికి గోరు లోపలికి పెరిగి చీము, ఫినాల్ పెట్టి కాల్చాలి, ఆ వాసన మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు కూడా ముక్కులో ఉంటుంది. ఒక పుండు. ఒక విరిగిన చిటికెనవేలు. బుధవారం ఆపరేషన్లు. ఇది చూసి విసుగు రాకపోతే రా. ఎండీ రాలేదు కాబట్టి ఇక్కడికి వచ్చినవాళ్ళని మా బ్యాచ్‌లో చూశా, రెండో ఏటికే మొహాలు మాడిపోయాయి.

పాదచారి_19 | అక్టోబర్ 13, 2025

థాంక్యూ సో మచ్ అక్కా. ఏడ్చా అన్నారు చూడండి, అది చదివాక ఎందుకో ధైర్యం వచ్చింది.

గుంటూరు_హౌస్‌సర్జన్ | అక్టోబర్ 15, 2025

నాదొక డౌట్. నేను గుంటూరులో ఎంబీబీఎస్ చేశా, ఇక్కడి డాక్టర్ లైసెన్స్ పరీక్ష యూఎస్ఎంఎల్ఈ స్టెప్ 2 దాకా వచ్చి రెండుసార్లు మ్యాచ్ కాలేదు, అంటే రెసిడెన్సీ సీటు రాలేదు. డైరెక్ట్‌గా పోడియాట్రీ రెసిడెన్సీకి అప్లై చేసుకోవచ్చని ఒక కన్సల్టెన్సీ వాడు చెప్పి మూడొందల డాలర్లు తీసుకున్నాడు, నిజమేనా?

మడమ_డాక్టరమ్మ | అక్టోబర్ 15, 2025

మూడొందలు పోయినట్టే తమ్ముడూ. ఈ రెసిడెన్సీకి ఇక్కడి అక్రెడిటెడ్ స్కూల్ నుంచి డీపీఎం ఉండాల్సిందే, ఎంబీబీఎస్‌తో కుదరదు. డీపీఎం మొదటి ఏడు నుంచి చదవాలి, దానికి ముందు ప్రీరిక్విజిట్ కోర్సులు, నీ క్రెడిట్ల ఎవాల్యుయేషన్, ఇవన్నీ ఉంటాయి. అలాగే ఇటునుంచి అటూ కుదరదు, డీపీఎం చేసి తర్వాత కార్డియాలజీకి పోదాం అనుకునేవాళ్ళు కూడా వింటే మంచిది. మొదటి రోజే అవయవం ఎంచుకుని చేరే చదువు ఇది.

గుంటూరు_హౌస్‌సర్జన్ | అక్టోబర్ 15, 2025

అర్థమైంది మేడమ్. వాడికి ఫోన్ చేస్తే ఎత్తట్లేదు.

వరంగల్_పోరడు | అక్టోబర్ 19, 2025

మిడ్‌టర్మ్ అయింది, బతికున్న.

చెల్లె, స్కూళ్ళ సంగతి చెప్త. మొత్తం ఇప్పుడు పదకొండు ఉన్నయి దేశం మొత్తంల. అందరికి కలిపి ఒకటే అప్లికేషన్ సైట్, ఆగస్టుల ఓపెన్ అయితది, వచ్చినోళ్ళని వచ్చినట్టు చూస్తరు, అంటే సెప్టెంబర్ల పంపినోడికి సీట్లు, స్కాలర్‌షిప్పులు ఎక్కువ దొరుకుతయి, వసంతంల పంపినోడికి మిగిలిందే. నేను ఫిబ్రవరిల పంపిన, సీటు వచ్చింది గని స్కాలర్‌షిప్ ఒక్క పైస రాలె, గది నా బద్ధకం ఖరీదు.

నువ్వు టెక్సాస్ అన్నవు గదా, రియో గ్రాండే వ్యాలీ యూనివర్సిటీ వాళ్ళది హార్లింజెన్‌ల ఉంది, పబ్లిక్ యూనివర్సిటీ, 2022ల మొదటి బ్యాచ్ తీసుకున్నరు. కొత్తది గాబట్టి బోర్డు (లైసెన్స్ పరీక్ష) రిజల్ట్స్ చూసి ఆలోచించు. పాతయి అంటే న్యూయార్క్‌ది, చికాగో దగ్గర షోల్ (అవు, షాపుల్ల దొరికే షూ ఇన్‌సోల్స్ మీద పేరు ఉంటది సూడు, గా డాక్టర్ షోల్ పెట్టిందే, 1912ల), ఫిలడెల్ఫియాల టెంపుల్ యూనివర్సిటీ, వాళ్ళకాడ పాత చెప్పుల మ్యూజియం గూడ ఉంది, ఇంటర్వ్యూకి పోతే చూసి రా. డి మోయిన్‌ల అయితే డీఓ పోరగాండ్లతో కలిసే క్లాసులు, గక్కడ పోడియాట్రీ అని ఎవ్వరు నిన్ను తక్కువ చూడరు ఎందుకంటే ఫార్మకాలజీ పేపర్ల నీ మార్కులు వాళ్ళ పక్కనే ఉంటయి.

ఒక ముఖ్యమైన ముచ్చట. సీటు వచ్చుడు ఎండీ అంత కష్టం గాదు, అది దాచేదేం లేదు, చాలా స్కూళ్ళ ఎమ్‌క్యాట్ సగటు 490లల్లనే ఉంటది. కష్టం అంతా లోపలికొచ్చినంక. ప్రతి స్కూలు తన వెబ్‌సైట్ల ఎంతమంది నాలుగేళ్ళల్ల బయటికొచ్చిన్రు, ఎంతమంది బోర్డు మొదటిసారి పాసయిన్రు, ఎంతమందికి రెసిడెన్సీ వచ్చింది అని పెట్టాలె. గా పేజీ దొరకవట్టి చదువు, బిల్డింగ్ ఫోటోలు గాదు. మా బ్యాచ్‌ల మొదటి సెమిస్టర్ అయినంకనే పది శాతం దాక ఇండ్లకు పోయిన్రు, ఒకడు నా రూమ్మేటే, లోన్ మాత్రం వానితోనే పోయింది.

రెండో ఏడు అయినంక బోర్డు పార్ట్ 1. అది పాస్ గాకపోతే మూడో ఏడు క్లినిక్ రొటేషన్లు ఆగుతయి. ఇప్పుడు నేను గండ్లనే ఉన్న, పొద్దున లేస్తే ఆంకీ కార్డులు (యాప్‌ల బట్టీ కొట్టే కార్డులు), పడుకునేముందు ఆంకీ కార్డులు.

హెచ్4_పిల్ల | అక్టోబర్ 20, 2025

మధ్యలో వస్తున్నందుకు సారీ. నేను ఇంకా హెచ్4 డిపెండెంట్ వీసా మీదే ఉన్నా, వచ్చే మార్చికి 21 నిండుతాయి. నాలాంటివాళ్ళకి దారి ఉందా?

లోను_లెక్కలు | అక్టోబర్ 20, 2025

21 నిండేలోపే ఎఫ్1 స్టూడెంట్ వీసాకి మారాలి, ముందు ఆ పని చూసుకోమ్మా, లాయర్‌తో ఈ నెలలోనే మాట్లాడు. చదవడానికి అభ్యంతరం లేదు, కానీ ఫెడరల్ లోన్ రాదు, ప్రైవేట్ లోన్‌కి సిటిజన్ లేదా గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్ళ సంతకం కావాలంటారు. రెసిడెన్సీలో కూడా వీసా ఇవ్వని ప్రోగ్రాములు చాలా ఉంటాయి కాబట్టి స్కూల్ వాళ్ళని ఒకటే అడుగు, గత ఐదేళ్ళలో మీ ఎఫ్1 విద్యార్థులు ఎక్కడ రెసిడెన్సీ చేశారు అని. పేర్లు చెప్పలేకపోతే అదే జవాబు.

ఇక అసలు విషయానికి వస్తే, నేను డాక్టర్‌ని కాదు, డాక్టర్ మొగుణ్ణి, మా ఆవిడ లోన్ నేనే కడుతున్నా కాబట్టి లెక్కలు నాకు కంఠతా వచ్చు. ఈ జులైలో సంతకమైన చట్టం చూశారా? 2026 జులై 1 నుంచి కొత్తగా చేరేవాళ్ళకి గ్రాడ్ ప్లస్ లోన్ (మొత్తం ఖర్చుకి ఇచ్చే ఫెడరల్ లోన్) లేదు. ప్రొఫెషనల్ డిగ్రీలకి ఏడాదికి 50,000 డాలర్లు, మొత్తం మీద 2,00,000, అంతే. పోడియాట్రీ ఆ ప్రొఫెషనల్ లిస్టులో ఉంది, అది కాస్త ఊరట. కానీ చాలా ప్రైవేట్ స్కూళ్ళలో ట్యూషనే 40 వేలు దాటిపోయింది, దాని మీద అద్దె, తిండి, కారు, బోర్డు ఫీజులు. యాభైలో సరిపోదు, మిగతాది ఎక్కడినుంచి అన్నది ఇప్పుడే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం.

జీతం అంటారా, లేబర్ డిపార్ట్‌మెంట్ లెక్కల్లో 2023కి పోడియాట్రిస్టుల మధ్యస్థ జీతం 1,41,650. మధ్యస్థం అంటే సగం మంది దానికి కిందే అని గుర్తుపెట్టుకో. మా ఆవిడ మొదటి ఉద్యోగం ఒక ప్రైవేట్ క్లినిక్‌లో, బేస్ లక్ష లోపు, బోనస్ అన్నారు, బోనస్ ఫార్ములా చూస్తే నాకు, రోజంతా ఎక్సెల్‌లో బతికేవాణ్ణి నాకే అర్థం కాలేదు. పద్నాలుగు నెలలు చేసి హాస్పిటల్ ఉద్యోగానికి మారింది, అక్కడ బాగుంది.

ఫ్రిస్కో_బాబాయ్ | అక్టోబర్ 20, 2025

చూశారా, నేను చెప్తే తిట్టారు.

మడమ_డాక్టరమ్మ | అక్టోబర్ 21, 2025

ఎవరూ తిట్టలేదు బాబాయ్ గారూ 🙂 లోను_లెక్కలు గారు చెప్పింది అక్షరాలా నిజం, నా మొదటి కాంట్రాక్టూ అలాంటిదే. ఇంకోటి కలుపుతా, 2013 ప్రాంతంలో డిగ్రీ చేతిలో ఉండి కూడా రెసిడెన్సీ దొరకని బ్యాచ్‌లు ఉన్నాయి, మా సీనియర్లు ఆ భయంతో బతికారు. ఇప్పుడు సీట్లకి కొరత లేదు. కానీ మంచి ప్రోగ్రాములకి పోటీ ఎప్పటిలాగే ఉంది, నాలుగో ఏడు నెలకో హాస్పిటల్‌లో ఎక్స్‌టర్న్‌షిప్ చేసి పని చూపించుకుంటేనే పిలుస్తారు.

ఫ్రిస్కో_బాబాయ్ | అక్టోబర్ 21, 2025

సరే అమ్మా. ఎలాగూ దొరికారు కాబట్టి ఒకటి అడుగుతా, ఎడం చిటికెనవేలి పక్కన ఆనెకాయ, ఇండియా నుంచి కార్న్ క్యాప్‌లు తెప్పించుకున్నా, ఎన్ని రోజులు ఉంచాలి?

మడమ_డాక్టరమ్మ | అక్టోబర్ 21, 2025

షుగరుందా?

ఫ్రిస్కో_బాబాయ్ | అక్టోబర్ 21, 2025

కొంచెం. టాబ్లెట్ల మీదే.

మడమ_డాక్టరమ్మ | అక్టోబర్ 21, 2025

కొంచెం షుగరు అనేది లేదు. క్యాప్ ఇప్పుడే తీసి చెత్తబుట్టలో వేయండి, అందులో ఉండేది యాసిడ్, స్పర్శ తగ్గిన కాలికి పెడితే ఆనెకాయతో పాటు చర్మం కూడా పోతుంది, మీకు తెలియదు. ఈ వారంలో ఎవరికైనా చూపించుకోండి.

వేదిక_నిర్వాహకులు | అక్టోబర్ 22, 2025

వైద్య సలహాలకి వేరే విభాగం ఉంది, దయచేసి ఈ చర్చని చదువు విషయానికే ఉంచండి. (బాబాయ్ గారూ, ఆవిడ చెప్పినట్టు చేయండి.)

బెజవాడ_సిస్టర్ | అక్టోబర్ 26, 2025

నేను విజయవాడలో స్టాఫ్ నర్సుని, పద్దెనిమిదేళ్ళుగా షుగరు పుళ్ళ డ్రెస్సింగులే నా పని. అమెరికా చదువుల గురించి నాకేం తెలీదు గానీ పాదచారి అమ్మమ్మ గారి సంగతి చదివి రాస్తున్నా. గుడి బండల మీద కాలిన కాళ్ళు ప్రతి వేసవిలో వస్తాయమ్మా మాకు, ఏప్రిల్, మే నెలల్లో మరీనూ. కాలికి గుచ్చుకున్న గుండుసూదితో వారం నడిచినాయన్ని చూశాను.

మీరంతా వాడే పద్ధతుల్లో కొన్ని మన పక్కనుంచి వెళ్ళినవే తెలుసా? డాక్టర్ పాల్ బ్రాండ్ అని, 1946లో వెల్లూరు సీఎంసీ ఆసుపత్రికి వచ్చారు, కుష్ఠు రోగుల చేతులకి, కాళ్ళకి ఆపరేషన్లు చేసేవారు. వేళ్ళు వాటంతట అవి కుళ్ళి రాలిపోవు, నొప్పి తెలియక దెబ్బ మీద దెబ్బ తగిలి పోతాయి అని గట్టిగా చూపించింది ఆయనే. తర్వాత 1966లో అమెరికాలో లూసియానాలోని కార్విల్‌కి వెళ్ళారు, అక్కడ అదే ఆలోచనని షుగరు కాళ్ళకి వాడారు, పుండున్న కాలికి పిండికట్టు వేసి నడిపించడం, లోపల మెత్తటి చెప్పులు, అన్నీ. ఇక్కడ మెడికల్ షాపుల్లో నల్లగా మెత్తగా ఎంసీఆర్ చెప్పులు అమ్ముతారు చూడండి, ఆ మైక్రో సెల్యులర్ రబ్బరు మొదట కుష్ఠు రోగుల కోసం వాడిందే. అమ్మమ్మ గారికి ఒక జత కొనిపెట్టు, ఇంట్లో కూడా వేసుకోమను. ఇంట్లో చెప్పులేంటి అని గొడవ చేస్తారు, వంటింటికి ఒక జత, బయటికి ఒక జత అని చెప్పు, అప్పుడు ఒప్పుకుంటారు.

మడమ_డాక్టరమ్మ | అక్టోబర్ 26, 2025

సిస్టర్ గారూ, వంటింటికి ఒక జత! పదేళ్ళుగా మా అమ్మకి నేను చెప్పలేకపోయిన మాట. మా స్కూల్లో బ్రాండ్ పేరు మొదటి ఏడే వస్తుంది, వెల్లూరు అనగానే నేను ఒక్కదాన్నే తలెత్తి చూశా.

పాదచారి_19 | నవంబర్ 23, 2025

అప్‌డేట్. షాడోయింగ్ దొరికింది!! తొమ్మిది క్లినిక్‌లకి ఫోన్ చేశా, ఆరుగురు ముందే వద్దన్నారు, ఇద్దరు మెసేజ్ పెట్టమని మళ్ళీ పలకలేదు, తొమ్మిదో చోట ఫ్రంట్ డెస్క్ ఆవిడ "నువ్వు స్వయంగా రా, ఫోన్లో ఆయన ఎవరికీ ఎస్ చెప్పడు" అంది. రెజ్యూమే ప్రింట్ తీసుకుని వెళ్ళా. టీబీ టెస్ట్, ఫ్లూ షాట్ కాగితం, హిపా (రోగుల వివరాలు బయటపెట్టనని) ఫారం మీద సంతకం, ఇవి అడిగారు. శుక్రవారాలు ఆర్గానిక్ ల్యాబ్ లేదు కాబట్టి శుక్రవారం వెళ్తున్నా, ఇప్పటికి నాలుగు అయ్యాయి.

మొదటి రోజు నిజంగానే బోర్. గోళ్ళు, గోళ్ళు, గోళ్ళు. చిన్న రంపం లాంటి మిషన్‌తో రుద్దితే పొడి లేస్తుంది, మాస్క్ లోపలికి కూడా వాసన. మా నాన్న మాట గుర్తొచ్చింది, కాదనను.

మూడో శుక్రవారం ఒకాయన వచ్చాడు, డెబ్బై దాటినాయన, రిటైరైన ట్రక్ డ్రైవర్. నైలాన్ దారం లాంటిది ఒకటి ఉంటుంది కదా, మోనోఫిలమెంట్, వంగేదాకా నొక్కితే సరిగ్గా పది గ్రాముల బరువు. కళ్ళు మూసుకోమని దాన్ని అరికాలి మీద అక్కడక్కడా పెడుతూ తెలిస్తే ఎస్ అనమన్నారు డాక్టర్ గారు. ఆయన ఎస్, ఎస్, ఎస్ అంటున్నాడు. నేను కాళ్ళ వైపు నిలబడి ఉన్నా. డాక్టర్ గారి చెయ్యి కాలికి జానెడు దూరంలో ఆగి ఉంది. దారం అసలు తగలట్లేదు, ఆయన ఇంకా ఎస్ అంటూనే ఉన్నాడు. పరీక్ష పాసవ్వాలని.

డాక్టర్ గారు ఏమీ అనలేదు. పాదం ముందు వైపు ఒక ఆనెకాయ ఉంది, గట్టిగా పసుపు రంగులో, మధ్యలో చిన్న గోధుమ రంగు మచ్చ. నన్ను దగ్గరికి పిలిచి "ఆ మచ్చ ఎండిన రక్తం, కింద ఏదో ఉంది" అని బ్లేడుతో పొర పొర తీశారు, ఉల్లిపాయ రేకుల్లా వస్తున్నాయి, నాలుగైదు పొరల తర్వాత లోపల బఠాణీ గింజంత గుంట. సన్నటి స్టీల్ పుల్ల లోపలికి పెట్టి చూశారు, ఎముక తగుల్తుందేమో అని. తగల్లేదు. ఆయన కళ్ళు ఇంకా మూసుకునే ఉన్నాడు, "అయిపోయిందా?" అన్నాడు.

ఇంటికొచ్చి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వచ్చే శుక్రవారం ఆయన మళ్ళీ వస్తాడు, ఆ గుంట చిన్నదైందో లేదో నాకు చూడాలని ఉంది. అంతే, ఇంతకంటే ఎలా చెప్పాలో తెలీట్లేదు.

వరంగల్_పోరడు | నవంబర్ 23, 2025

గదే చెల్లె. ఆ గుంట చూడాలనిపిస్తే నువ్వు మాదానివే.

ఫ్రిస్కో_బాబాయ్ | నవంబర్ 24, 2025

నాకు కూడా ఆ దారం పెట్టారు పోయిన వారం. నేను ఎస్ అన్నప్పుడల్లా నిజంగానే తగిలిందో లేదో ఇప్పుడు అనుమానంగా ఉంది.

మడమ_డాక్టరమ్మ | నవంబర్ 24, 2025

మంచి డాక్టర్ దొరికారు నీకు. ఆ జానెడు దూరం ట్రిక్ నేను కూడా చేస్తా. సెమిస్టర్ చివర్లో సిఫార్సు లెటర్ అడుగు, చాలా స్కూళ్ళు ఒక పోడియాట్రిస్ట్ రాసిన ఉత్తరం ఉండాలంటాయి. అడిగేటప్పుడు నువ్వు ఏయే రోజులు వచ్చావో, ఏం చూశావో ఒక పేజీ రాసిచ్చెయ్, పాపం ఆయనకి గుర్తుండదు.

ఎమ్‌క్యాట్ జూనియర్ ఏడాది జనవరికి పెట్టుకో, తేడా వస్తే మళ్ళీ రాయడానికి టైం ఉంటుంది. ఏడున్నర గంటల పరీక్ష, అందులో కార్స్ అనే భాగం 90 నిమిషాల్లో 53 ప్రశ్నలు, సైన్సు ఒక్క ముక్క ఉండదు, ఉత్తి చదివి అర్థం చేసుకోవడమే. తెలుగు ఇళ్ళలో పెరిగిన పిల్లలు ఫిజిక్స్ రుబ్బి రుబ్బి దీన్ని వదిలేస్తారు, నేనూ అంతే, నా స్కోరు అక్కడే పడింది. రోజూ ఒక పాసేజ్, ఇప్పట్నుంచే.

పాదచారి_19 | ఫిబ్రవరి 8, 2026

ఆర్గానిక్ ఒకటి బీ ప్లస్!! నాన్న ఫ్రిజ్ మీద అంటించారు (సీ ప్లస్‌ని మర్చిపోయినట్టే ఉన్నారు). లోన్ లెక్కలు కూడా కూర్చుని వేశాం, అమ్మ నోట్‌బుక్‌లో, మూడు పేజీలు వచ్చింది. నాన్న చివరికి "సరే, హార్లింజెన్‌కి కారులో ఎంతసేపు?" అన్నారు, ఎనిమిది గంటలు దాటుతుంది అంటే మొహం మాడ్చుకున్నారు.

అప్లికేషన్‌కి ఇంకా టైం ఉంది గానీ పర్సనల్ స్టేట్‌మెంట్ ఒక డ్రాఫ్ట్ రాశా. ఇంగ్లీషులో రాసిందే ఇక్కడ తెలుగులో చెప్తా, మొదలు ఇలా: "మా అమ్మమ్మ పాదాలు నాకు సేవ అంటే ఏమిటో నేర్పాయి."

మడమ_డాక్టరమ్మ | ఫిబ్రవరి 8, 2026

వద్దు. అమ్మమ్మ గారంటే గౌరవమే, కానీ నేను రెండేళ్ళు అడ్మిషన్ ఇంటర్వ్యూలు చేశా, పదిలో ఆరుగురికి షుగరున్న అమ్మమ్మో తాతయ్యో ఉంటారు, ప్రతి పాదమూ ఏదో ఒకటి నేర్పుతుంది. ఆ ట్రక్ డ్రైవర్‌తో మొదలుపెట్టు.

పాదచారి_19 | ఫిబ్రవరి 10, 2026

మార్చా. "డాక్టర్ చెయ్యి ఆయన పాదానికి జానెడు దూరంలో ఆగి ఉంది. ఆ హృదయవిదారకమైన క్షణంలో కూడా ఆయన 'ఎస్' అన్నాడు. నేను ఆ తర్వాత ఆరు శుక్రవారాలు ఆ పుండుని కొలిచిన కాగితం పట్టుకున్నాను; చివరి శుక్రవారం రాయడానికి కొలత లేదు." అమ్మమ్మ రెండో పేరాలో వస్తుంది, గుడి బండలతో.

వరంగల్_పోరడు | ఫిబ్రవరి 10, 2026

మానిందా!! ముందు గది చెప్పాలె గదా

మడమ_డాక్టరమ్మ | ఫిబ్రవరి 10, 2026

ఇదే ఉంచు. "హృదయవిదారకమైన" తీసెయ్.